పురుగు తాగిన బలం మందు

"మామ్మా, ఫోనులో రికార్డింగ్ పెట్టాను. ఇంట్లో పెద్దవాళ్ళ అనుభవం ఒకటి రికార్డు చేసుకు రమ్మంది మా నర్సింగ్ మేడమ్. భవ్యని ఆస్పత్రిలో పెట్టినప్పటి సంగతి చెప్పవా? అప్పుడు నువ్వేదో మందు పోశావంట గదా?"

ఎవరు చెప్పారే నీకు? దుర్గ చెప్పిందా? చెప్పుద్ది, దాని నోట్లో నువ్వుగింజ నానదు. సరేలే, దాచేదేముంది. అప్పుడు దాచినందుకే గదా అంత పనీ అయ్యింది. ఇటు జరిగి కూర్చో, ఆ ఫ్యాను చప్పుడుకి నా మాట పడుద్దో లేదో. పడుద్దా? అయితే సరే.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. కాదు కాదు, ఐదో ఏడు నడుస్తంది. మొన్న బళ్ళు తెరిచినప్పుడు భవ్యని ఒకటో క్లాసులో వేశారు గదా, అప్పుడు దానికి పద్నాలుగు నెలలు. ఇప్పటికీ తల్చుకుంటే, ఇదిగో చూడు, చేతి మీద వెంట్రుకలు ఎట్టా లేచాయో. పుట్టి బుద్ధెరిగి అంత అదురు నేనెప్పుడూ పడలా తల్లీ. తుఫాన్లు చూశా. కొల్లేరు పొంగి ఇంట్లోకి పాములొస్తే చూశా. మీ తాత పడవ తిరగబడి పూటంతా కనపడకపోతే గట్టు మీద నిలబడి చూశా. అవన్నీ పైనించి వచ్చి పడ్డవి. ఇది నా చేత్తో నేను చేసింది.

మీ మేడమ్‌కి తెలియదు గదా, మొదట్నించీ చెప్తా. దుర్గ నా కూతురి కూతురు. బెజవాడ బీసెంట్ రోడ్డులో బట్టల కొట్లో పని. పొద్దున ఎనిమిదింటికి కంకిపాడులో బస్సెక్కితే మళ్ళీ ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టి చాలాసేపయ్యేది. దాని మొగుడు రాంబాబు ఇబ్రహీంపట్నంలో కరెంటు ఫ్యాక్టరీ బూడిద లారీ తోలతాడు. వాడు వారానికోసారి కనపడితే గొప్ప. నా కూతురేమో ఏలూరులో కొడుకు దగ్గర. ఇంక వాళ్ళ పిల్లని, ఈ భవ్యని, చూసేదెవరు? నేనే. నాకూ సరదాగానే ఉండేది. మునిమనవరాలిని ఎత్తుకునే రాత ఎంతమందికుంటది చెప్పు.

పైగా నాకు గర్వం. ఐదుగుర్ని కన్నదాన్ని, ఇంకొకరితో చెప్పించుకునేదేంటి అని. ఆశా వర్కరు అమ్మాయి వచ్చేది మన వీధికి, సన్నగా ఉంటది, సైకిలు మీద తిరుగుద్ది, ఆ అమ్మాయే. పెళ్ళి కూడా కాలా అప్పటికి. నాకు పిల్లల్ని పెంచడం చెప్తదా, అనుకునేదాన్ని. ఆ అమ్మాయే ఒక సీసా ఇచ్చింది. ఐరన్ సిరప్పు అన్నది. "మామ్మగారూ, వారానికి రెండుసార్లే, ఒక్క మిల్లీ, ఈ గీత దాకా. జ్వరమొచ్చినా, విరేచనాలవుతున్నా ఆపెయ్యండి, తగ్గాక నన్నడిగి మళ్ళీ మొదలుపెడుదురు గాని" అని రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ తలూపా. నా చెవికి పడిందేంటంటే, రక్తం పట్టే మందు అని. అంతే. మిగతాదంతా గాలికి పోయింది.

ఆ ఏడు శ్రావణంలో వానలు దంచి కొట్టినయ్యి. మన కాలవ నీళ్ళు చూశావుగా ఎట్టా ఉంటాయో, టీ నీళ్ళలాగా. పిల్లకి విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగు రోజులుండి తగ్గేవి, వారం తిరక్కుండా మళ్ళీ. అట్టా మూడు విడతలు. నేనేం చేశానో తెలుసా? మా అత్త నాకేం నేర్పిందో అదే చేశా. పొట్ట ఎండబెట్టా. పప్పు అరగదు అని ఆపా. గుడ్డు వేడి. పెరుగు జలుబు. చేప నీచు. గంజి మీద తేట, పంచదార నీళ్ళు, టీలో ముంచిన బిస్కెట్టు, ఇంతే దాని తిండి. ఓఆరెస్ పొట్లాలు ఇచ్చి పోయింది ఆ అమ్మాయి, వాటిని గూట్లో పెట్టా. ఉప్పు నీళ్ళు పసిపిల్లకెందుకని.

పిల్ల తెల్లబడిపోతంది. కింది రెప్ప తీసి చూస్తే సున్నం కొట్టినట్టుంది. ఏడుపులో కూడా బలం లేదు, పిల్లి పిల్ల కూసినట్టు కూసేది. నాకు భయమేసింది. రక్తం లేదు, రక్తం పట్టించాలి అనుకున్నా. ఆ సీసా తీశా. ఒక్క మిల్లీ ఏంటి నా మొహం, ఇంత పిల్లకి అది నాలిక్కి కూడా అంటదు అని, చెంచాతో పోశా. పొద్దునోటి, సాయంత్రం ఒకటి. వారానికి రెండుసార్లు అన్నదాన్ని రోజుకి రెండుసార్లు చేశా. తిండి ఆపి మందు పెంచా. అదమ్మా నా తెలివి.

అంతలో అంగన్‌వాడీలో కొలతలు తీసే రోజొచ్చింది. ఆ టీచరు ఒక టేపు పెట్టుద్ది చూడు చేతికి, రంగులుంటాయి దాని మీద. నేను ఎత్తుకుని కూర్చున్నా. టేపు చుట్టి లాగింది. ఎరుపు దగ్గర ఆగింది. ఆ టీచరు మళ్ళీ చుట్టింది. మళ్ళీ ఎరుపే. నా మొహంలోకి చూసి, "మామ్మగారూ, దుర్గకి ఫోన్ చెయ్యండి. ఇవాళే బెజవాడ తీసుకెళ్ళాలి" అంది. ఎందుకమ్మా, పిల్ల కాస్త చిక్కింది అంతే గదా అన్నా. "చిక్కడం కాదండీ ఇది" అంది. ఆ చెయ్యి, తల్లీ, ఆ టేపులో పట్టుకున్నప్పుడు చూశా నేను. నా బొటనవేలు కంటే కాస్త లావుంది. రోజూ నీళ్ళు పోసే దాన్ని, రోజూ ఎత్తుకునే దాన్ని, అప్పటిదాకా చూడలా. కళ్ళుండి చూడలా.

ఆస్పత్రిలో బక్కచిక్కిన పిల్లలకి వేరే వార్డు ఉంది, తెలుసుగా నీకు. పన్నెండు మంచాలు. గోడల మీద కూరగాయల బొమ్మలు. ఒక డాక్టరమ్మ, నలభై ఏళ్ళుంటాయేమో, జడ ముడేసుకుని, మాట మెల్లగా. పేరు చెప్పనులే. మేరీ సిస్టర్ అని పెద్దావిడ నర్సు. పిల్లని తూచారు, మలం పరీక్షకి పంపారు. జిగటగా, అక్కడక్కడా రక్తపు చారలు ఉండేవి అప్పటికే. పేగుల్లో బ్యాక్టీరియా, అదే పురుగు, ఉందన్నారు. దానికి మందు మొదలెట్టారు. రెండు గంటలకోసారి ఏదో పాలు కలిపి ఇచ్చేవాళ్ళు, గిన్నెలో కొలిచి. ఇంతే, ఇంత కంటే ఎక్కువొద్దు అనేవాళ్ళు. ఎండిపోయిన ఒంటికి ఒక్కసారే పోస్తే తట్టుకోలేదంట.

డాక్టరమ్మ నన్ను అడిగింది, "ఇంటి దగ్గర ఏం మందులు వాడారమ్మా?" అని.

"ఏం లేదండీ, రక్తం మందు కొంచెం" అన్నా. ఎంత కొంచెమో చెప్పలా.

"అది ఇప్పుడు ఆపెయ్యండి. మొదటి వారం మేము కూడా ఇవ్వం. ఎప్పుడు ఇవ్వాలో నేను చెప్తాను" అంది.

ఇదేంటే ఇది! పిల్ల పాలిపోయి ఉంటే రక్తం మందు ఆపమంటదేంటి? నాకు అర్థం కాలా. అడుగుదామంటే ఆమె పక్క మంచం దగ్గరికి పోయింది. దుర్గ నా మొహం చూసి, "అమ్మమ్మా, వాళ్ళు చెప్పినట్టు విందాం" అంది. సరే అన్నా నోటితో. లోపల మాత్రం, గవర్నమెంటోళ్ళు గదా, మందు లేక అట్టా చెప్తున్నారేమో, అనుకున్నా. చూడు, ఎంత పాపపు ఆలోచనో. వాళ్ళు ఇస్తామన్న మందు తీసుకునేటప్పుడు గవర్నమెంటు మంచిది, వద్దన్నప్పుడు చెడ్డది.

రెండు రోజులకి పిల్ల కళ్ళు తెరిచి చూసింది. జ్వరం దిగింది. విరేచనాలు రోజుకి పన్నెండు నించి ఐదుకి వచ్చినయ్యి. దుర్గ మొహంలో నెత్తురు చుక్క కనపడింది. నేనేమనుకున్నా? పొట్ట బాగవుతంది, ఇంక రక్తం పట్టిస్తే పిల్ల లేచి కూర్చుంటది అనుకున్నా.

సీసా నా సంచిలోనే ఉంది. జాకెట్టు ముక్కలో చుట్టి తెచ్చా ఇంటి దగ్గర్నించి. దుర్గ మొహం కడుక్కోను పోయినప్పుడు ఒక చెంచా. మధ్యాన్నం అది అన్నానికి పోయినప్పుడు ఒక చెంచా. మూతి తుడిచేసేదాన్ని, మరక పడుద్ది గదా గోధుమ రంగుగా. ఎవరైనా చూస్తారేమోనని ఈ కొంగు అడ్డం పెట్టి. దొంగతనం చేసినట్టే చేశా, అయినా మంచి చేస్తున్నాననే అనుకున్నా. అట్టా రెండు రోజులు.

ఆగు, కాసిని మంచినీళ్ళు ఇవ్వు.

ఆ. ఐదో రోజు పొద్దున. ఏడున్నర అయ్యుంటది, డ్యూటీలు మారే టైము. పిల్ల పాలు ముట్టుకోలా. ముందు రోజు సాయంత్రం నించే రెండుసార్లు కక్కింది. ఒళ్ళు పట్టుకుంటే కాలతంది. విరేచనం అయ్యింది. మేరీ సిస్టర్ గుడ్డ తీసింది. తారు. తారు రోడ్డు వేసేటప్పుడు చూస్తావే, అట్టా నల్లగా ఉంది. ఆ సిస్టర్ మొహం మారిపోయింది. గుడ్డ మడిచి ట్రేలో పెట్టుకుని గబగబా పోయింది. ఆమె అంత గబగబా నడవగా నేను ఎప్పుడూ చూడలా, మోకాళ్ళ నొప్పుల మనిషి.

డాక్టరమ్మ వచ్చింది. పొట్ట నొక్కింది. కళ్ళు చూసింది. ఇంకో డాక్టర్ని పిలిచింది. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారు, సగం ఇంగ్లీషు, సగం తెలుగు. నాకు పడ్డ మాట ఒకటే, లోపల బ్లీడింగ్ అవుతందేమో, అని. దుర్గకీ పడింది. అది మంచం ఇనప కడ్డీ పట్టుకుని అట్టాగే కిందికి జారిపోయింది. పక్క మంచం ఆవిడ పట్టుకోకపోతే తల పగిలేది. "రక్తం ఎక్కించాల్సి రావచ్చు, తండ్రికి ఫోన్ చెయ్యండి" అంటంది ఇంకో నర్సు. రాంబాబు లారీలో ఉన్నాడు, ఫోను ఎత్తడు. అంత చిన్న చెయ్యి, దానికి నరం దొరకడం లేదు రక్తం తియ్యడానికి. నాలుగుసార్లు పొడిచారు. ఐదోసారి పాదానికి.

నేను ఆ గోడకి ఆనుకుని నిలబడ్డా. నాకు మెల్లిగా, ఎట్టా చెప్పను, ఒక్కసారిగా కాదు, మెల్లిగా తెలిసింది. దుర్గ కడుపుతో ఉన్నప్పుడు ఐరన్ మాత్రలు మింగితే నల్లగా పోతందని చెప్పింది నాకు. అమ్మమ్మా ఇదేంటి అని భయపడితే, మాత్రలకి అట్టాగే ఉంటదిలేవే అని నేనే ధైర్యం చెప్పా! నేనే! ఆ మాట గుర్తొచ్చింది. నోట్లో తడి లేదు. ఇది రక్తం కాదు. ఇది నేను పోసింది. వీళ్ళు నా మందు చూసి పిల్ల లోపల నెత్తురు పోతందనుకుంటున్నారు, పిల్లని పొడుస్తన్నారు.

చెప్పాలి. చెప్తే దుర్గ నన్ను మళ్ళీ ఈ పిల్లని ముట్టుకోనిస్తదా? వార్డులోంచి గెంటేస్తారేమో. పోలీసులని పిలుస్తారేమో. అన్నీ వచ్చినయ్యి బుర్రలోకి. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, అరనిమిషమో, పావుగంటో. అప్పుడు మేరీ సిస్టర్ నా దగ్గరికొచ్చింది. నా భుజం మీద చెయ్యేసి, "అమ్మా, ఏమన్నా పెట్టారా పాపకి? ఏదన్నా ఫరవాలేదు. నేనేమీ అనను. చెబితే పాపకి మంచిది" అంది. ఎంత మెల్లగా అడిగిందో తల్లీ! అరిచి అడిగుంటే, ప్రమాణంగా చెప్తన్నా, నేను లేదనే అనేదాన్ని.

సంచి విప్పి సీసా ఆమె చేతిలో పెట్టా. సగం పైగా అయిపోయింది.

ఆ సిస్టర్ సీసా వంక చూసింది, నా వంక చూసింది, పరిగెత్తింది. నిజంగా పరిగెత్తింది. డాక్టరమ్మ సీసా పట్టుకుని నా దగ్గరికొచ్చి, "ఎన్ని చెంచాలు? ఏ చెంచా? ఆఖరుసారి ఎప్పుడు పోశారు? అబద్ధం చెప్పొద్దు" అంది. చెప్పా. చెంచా కూడా చూపించా. మళ్ళీ పరీక్షలకి రాసింది. ఆ మందు ఎక్కువైతే అదే విషం కూడా అవుద్దంట, పసిపిల్లల్లో ప్రాణాలు పోయినవీ ఉన్నాయంట. దుర్గ అరిచింది నా మీద. "నా బిడ్డని చంపుతావా అమ్మమ్మా!" అని. వార్డంతా చూసింది. అననీలే. అది తల్లి.

మధ్యాన్నానికి రిపోర్టులు వచ్చినయ్యి. మందు ఒంట్లో విషమయ్యేంత లేదు, రక్తస్రావం లేదు, రక్తం ఎక్కించక్కర్లేదు అన్నారు. కానీ జ్వరం మాత్రం మళ్ళీ అందుకుంది, విరేచనాలు మళ్ళీ పదికి పోయినయ్యి. యాంటీబయాటిక్కు మార్చారు.

సాయంకాలం డాక్టరమ్మ వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చుంది. తిడుద్దేమో అనుకున్నా. తిట్టింది కూడా, కాసేపు. తర్వాత, "ఎందుకు ఆపమన్నానో మీకు చెప్పకుండా పోయాను, అది నా తప్పు" అంది. పెద్ద డాక్టరు, నాతో ఆ మాట అంది. అప్పుడు చెప్పింది చూడు, దానికి నా మతి పోయింది.

"అమ్మా, మీకు ఇనుము ఎట్లా కావాలో ఆ బ్యాక్టీరియాకి కూడా అట్లాగే కావాలి. అది పెరగాలన్నా, పిల్లలు పెట్టాలన్నా ఇనుము ఉండాలి. ఒంటికి ఆ సంగతి తెలుసు. జబ్బు చెయ్యగానే ఒళ్ళు ఏం చేస్తుందంటే, తన దగ్గరున్న ఇనుముని దాచేస్తుంది. దొంగలు తిరుగుతుంటే బియ్యం బస్తాలు లోపలికి వేసుకోరూ, అట్లా. పేగుల్లోంచి కొత్తగా లోపలికి కూడా రానివ్వదు. ఇప్పుడు మీరు పోసిన మందు ఎటు పోవాలి? ఒంట్లోకి పోలేదు. పేగుల్లోనే ఉండిపోయింది. అక్కడ ఎవరున్నారు?"

నేను నోరు తెరుచుకుని చూస్తన్నా. పురుగు! నేను రెండు రోజులు కొంగు అడ్డం పెట్టి పోసింది పురుక్కా? పిల్లకి బలం మందని పోస్తే పురుగు తాగిందా?

"మీ మందు వల్లే ఇదంతా తిరగబెట్టిందని నేను ఖాయంగా చెప్పలేను. కానీ మంచి మాత్రం చెయ్యలేదు" అంది. ఆమె అంత జాగ్రత్తగా చెప్పింది. నాకు మాత్రం చెవుల్లో హోరు. డెబ్భై ఏళ్ళ దాన్ని, తిండీ మందూ ఎప్పుడైనా మంచే చేస్తాయనుకున్నా. ఎవరు తింటున్నారో చూసుకోవాలని నాకెవరు చెప్పారు?

ఇంకా ఉంది విను. "మీరేం పని చేసేవారమ్మా?" అని అడిగింది.

"చేపలమ్మేదాన్నండీ. మా ఆయన కొల్లేరు నించి తెచ్చేవాడు, నేను తట్ట పెట్టుకుని కంకిపాడు నించి ఉయ్యూరు దాకా తిరిగేదాన్ని" అన్నా. అవునే, చెరుకు ఫ్యాక్టరీ వాళ్ళ క్వార్టర్స్‌లో నా కొర్రమీను కోసం కాసుకుని ఉండేవాళ్ళు. ఐదు రూపాయలకి ఇంత చేపొచ్చేది, మూర్తిగారి భార్య అని ఒకావిడ ఉండేది, బేరం చెయ్యకుండా... సరే, అదెందుకులే ఇప్పుడు.

"మరి పాపకి చేప పెట్టారా?" అంది డాక్టరమ్మ.

లేదమ్మా. ఒక్క ముక్క కూడా పెట్టలా. ముప్పై ఏళ్ళు ఇంటింటికీ తిరిగి, బాలింతకి పెట్టండమ్మా, జబ్బు చేసి లేచినోళ్ళకి పెట్టండమ్మా, ఒంటికి పట్టుద్ది అని అమ్మినదాన్ని. నా ఇంట్లో పసిదానికి నీచు అన్నా. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలా.

"విరేచనాలప్పుడు తిండి ఆపితే పేగు గోడ పల్చబడిపోతుందమ్మా" అంది. "మళ్ళీ అల్లుకోవాలంటే దానికి తిండే కావాలి. జింకు అని ఒకటుంటుంది, చేపలో, గుడ్డులో, పప్పులో ఉంటుంది, అది తగ్గితే విరేచనాలు తొందరగా ఆగవు. ఇక్కడ పాలల్లో కలిపి ఇస్తున్నది అదే. మీరు పొట్ట ఎండబెట్టినన్నాళ్ళూ పురుగు ఎండలేదు, పాపే ఎండింది. నీళ్ళూ అంతే. పోయినన్ని నీళ్ళు పోసుకుంటూ ఉండాలి, లేకపోతే ప్రాణమే పోతుంది."

ఆ ఆఖరు మాటకి నేను... ఉండు.

ఐదుగుర్ని కన్నానని చెప్పా గదా. నలుగురే మీకు తెలుసు. రెండోవాడు ఉండేవాడు, వెంకటేశు. రెండేళ్ళు నిండలా. వాంతులు, విరేచనాలు ఒక్కటే రోజు. మా అత్త, నేను, ఇద్దరం కలిసి నీళ్ళు ఆపాం. నీళ్ళు పోస్తే నీళ్ళే పోతాయి అని. వాడు దాహం దాహం అని నా పమిట చెంగు నోట్లో పెట్టుకుని చీకాడు, తడిగా ఉందని. పోయాడు. అమ్మవారు తీసుకుపోయింది అన్నారు, నేనూ అదే అనుకున్నా ఇన్నేళ్ళూ. ఆ డాక్టరమ్మ ఆ మాట అనేదాకా నాకు తెలియదు తల్లీ. నాకు తెలియదు. యాభై ఏళ్ళ తర్వాత, ఆస్పత్రి బల్ల మీద కూర్చుని తెలుసుకున్నా, వాడికి కావాల్సింది నీళ్ళని.

ఏడవకే. నువ్వు ఏడిస్తే నేను చెప్పలేను. డాక్టరమ్మకి చెప్పా అది. అప్పటిదాకా ఎవరికీ చెప్పలా, మీ తాతతో కూడా మళ్ళీ ఆ మాట ఎత్తలా. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "అప్పుడు మీకు చెప్పినవాళ్ళు లేరమ్మా" అంది. దుర్గ మంచం అటువైపు కూర్చుని విన్నది. పొద్దున అరిచిన దగ్గర్నించీ నాతో మాట్లాడనిది, లేచి వచ్చి, అన్నం తిన్నావా అని అడిగింది. తినలేదన్నా. క్యాంటీనుకి పోయి పులిహోర తెచ్చి పెట్టింది.

తర్వాత మూడు రోజులు గండం. నేను వార్డులో ఒక మూలన కూర్చునేదాన్ని, పిల్లని ముట్టుకోను కూడా భయమే. నా చెయ్యి తగిలితే ఏమవుద్దో అన్నట్టుండేది. నాలుగో రోజు జ్వరం దిగింది. విరేచనాలు గట్టిపడ్డాయి. ఆ మర్నాడు పొద్దున గిన్నెలో పాలు తేవడం కాస్త ఆలస్యమైతే, భవ్య ఏడ్చింది. పిల్లి కూత కాదే, గొంతెత్తి, కోపంగా, వార్డు అదిరేట్టు! మేరీ సిస్టర్ నవ్వుకుంటూ వచ్చి, "ఇదిగో, ఆకలేసింది దొరసానికి" అంది. ఆకలికి ఏడిచిన ఏడుపు విని నేను దణ్ణం పెట్టుకున్నా.

పాలు మార్చారు, చిక్కవి ఇచ్చారు. కిచిడీ మొదలెట్టారు, నూనె వేసి, పప్పు మెత్తగా చేసి. తూకం పెరగడం మొదలైంది. అప్పుడొక రోజు డాక్టరమ్మ వచ్చి ఒక సీసా తీసింది. అదే మందు! అదే రంగు, అదే వాసన. నేను ఠక్కున లేచి మంచానికి అడ్డం నిలబడ్డా. "వద్దండీ, పురుగు లేస్తది" అన్నా. ఆమె నవ్వింది. "ఇప్పుడు పురుగు లేదమ్మా. పాప తింటోంది, పెరుగుతోంది, ఇప్పుడు ఇది ఒంట్లోకి వెళ్తుంది. రక్తం నిజంగానే తక్కువ ఉంది, మీరు అనుకున్నది తప్పు కాదు. సమయం తప్పు, కొలత తప్పు" అని ఆ డ్రాపరు నా చేతికిచ్చింది. "మీరే పొయ్యండి" అంది.

నా వల్ల కాలేదు. మందు డ్రాపరులో గీత దగ్గర ఆగడం లేదు, దాటిపోతంది, వెనక్కి పొయ్యడం, మళ్ళీ తియ్యడం. మూడుసార్లయింది. దుర్గ నా మణికట్టు కింద చెయ్యి పెట్టి పట్టుకుంది. అప్పుడు సరిగ్గా గీత మీద ఆగింది. పోశా. పిల్ల మొహం చిట్లించి, చప్పరించి, నా వంక చూసింది.

మీ మేడమ్‌కి ఒక మాట చెప్పు, ఇది విని ఎవరూ ఐరన్ చెడ్డదనుకోకూడదు. కడుపుతో ఉన్నోళ్ళు అసలు మానకూడదు. ఎప్పుడు, ఎంత అన్నది అడగాలి, అంతే. అది నేను నేర్చుకోవడానికి ఒక పిల్ల ప్రాణం అంచు దాకా పోయి రావాల్సొచ్చింది.

ఇంటికొచ్చాక నేను పోయి ఆ సైకిలు అమ్మాయి రెండు చేతులూ పట్టుకున్నా. ఆ అమ్మాయి బెదిరిపోయింది, ఏంటి మామ్మగారూ అని. అప్పట్నించి తను ఎక్కడికి పిలిస్తే అక్కడికి పోతన్నా. పిల్లలకి విరేచనాలని తెలిస్తే ఆ ఇంటికి పోయి ముసలిదాని పక్కన కూర్చుంటా. తల్లి పక్కన కాదు, ముసలిదాని పక్కన. ఏం పెడుతున్నావు, ఏం పోస్తున్నావు వదినా, చెప్పు, నేనూ పోశా, అంటా. పోయిన ఆదివారం పక్క వీధిలో ఒకావిడ, నాకంటే పెద్దది, ఏమీ లేదమ్మా ఏమీ లేదమ్మా అంది చాలాసేపు. లేచొద్దామనుకున్నా. అప్పుడు తలగడ కిందికి చెయ్యి పోనిచ్చి ఒక సీసా తీసి నా ఒళ్ళో పెట్టింది. ఎన్ని ఇళ్ళల్లో ఉన్నాయే అమ్మాయ్, ఇట్టా తలగడల కింద?

నువ్వు రేపు తెల్లబట్టలు వేసుకుని వార్డులో తిరుగుతావు గదా. ఏ ముసలిదో గోడకి ఆనుకుని నోరెండిపోయి నిలబడి ఉంటది, చూడు. పాపం, దాని చేతుల్లో ఏముందో దానికే భయం. దాని మీద అరవకు తల్లీ. భుజం మీద చెయ్యెయ్యి. నీ చెయ్యి చల్లని చెయ్యి కావాలి, నీ వార్డులో పడుకున్న ప్రతి పిల్లా ఆకలికి గుక్క పెట్టి ఏడవాలి, నువ్వు గిన్నె పట్టుకుని పరిగెత్తాలి... ఆ, అట్టా ఉండాలి, నూరేళ్ళు చల్లగా బతకాలి తల్లీ.